నేను ఆ అబ్బాయిని కాదు

మంగళవారం, 4

పారిపోయేవాణ్నట! నేనా?

నిన్న అక్క ఆ మాట అనేసి, చెప్పులేసుకుని, టకటకా మెట్లు దిగి మందుల షాపుకి వెళ్ళిపోయింది. డ్యూటీకి టైమైందట. ఎదుటివాడి జవాబు వినకుండా వెళ్ళిపోవడాన్ని ఏమంటారమ్మా మరి? నోటిదాకా వచ్చిన జవాబు అక్కడే ఇరుక్కుపోయింది. పొద్దుటి నుంచి టీ తాగినా దిగడం లేదు. అందుకే ఇక్కడ రాసేస్తున్నా.

నేను స్కూలు మానేసింది పారిపోయి కాదు. పదో క్లాసు పరీక్షలో మాస్టారు నా మీద ఊరికే కేకలేశాడు. నేను పేపరు తీసుకెళ్ళి ఆయన బల్ల మీద కొట్టి, దర్జాగా నడుచుకుంటూ బయటికొచ్చేశాను. మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు, నేనే అందరికీ చెప్పాను కాబట్టి. ఆ తర్వాత ఈ ఆరేళ్ళలో నాలుగు చోట్ల పని మారానంటే దాన్ని అనుభవం అంటారు. ఇప్పుడు మాత్రం కాలేజీలో కుదురుగానే ఉన్నాను కదా, ఎనిమిది నెలల నుంచి! ఫ్యాన్లు, ట్యూబులైట్లు, స్విచ్చులు. కాళ్ళకి పని ఉంటుంది, నిచ్చెన ఉంటుంది, ఒక్కచోట కూర్చోమని ఎవరూ అనరు.

మళ్ళీ కట్టిన పదో క్లాసు పరీక్షకి హాల్ టికెట్టు వచ్చి నాలుగు రోజులైనా పుస్తకం ముట్టుకోలేదన్నది అక్క బాధ. ముట్టుకుంటాను. పరీక్ష ఇరవై నాలుగున. బోలెడంత టైముంది.

ఈ రిజిస్టరు మా మెయింటెనెన్స్ వాళ్ళ పాత ఫిర్యాదుల పుస్తకం. సగం ఖాళీగా ఉండగానే చెత్తలో వేయబోతుంటే మేస్త్రీ బాబాయ్‌ని అడిగి తెచ్చుకున్నా. పేజీకి నాలుగు గళ్ళు. గది, ఫిర్యాదు, ఎవరు చూశారు, సరిచేసిన తేదీ. ఇవాళ్టికి నింపేస్తాను.

గది: మా ఇల్లు. ఫిర్యాదు: అక్క. ఎవరు చూశారు: అందరూ చూస్తూనే ఉన్నారు. సరిచేసిన తేదీ: ఆశ లేదు.

బుధవారం, 5

మేస్త్రీ బాబాయ్‌ని మళ్ళీ అడిగాను, ప్యానెల్ గది తాళం నాకెప్పుడిస్తావని. కాలేజీ మొత్తానికి కరెంటు అక్కడి నుంచే పోతుంది. నన్ను గుమ్మం కూడా తొక్కనివ్వరు.

"లైసెన్సు ఉన్నవాడే ముట్టుకోవాలిరా."

"లైసెన్సు ఎలా వస్తుంది?"

"కోర్సు చెయ్యాలి."

"కోర్సు ఎలా వస్తుంది?"

"పదో క్లాసు పాసవ్వాలి. రోజూ ఇదే అడుగుతావు, నేను రోజూ ఇదే చెబుతాను. టేపు రికార్డరుకైనా విసుగొస్తుంది. పో, పన్నెండో గదిలో ఫ్యాను కీచుమంటోందట, చూసిరా."

పన్నెండో గదిలో పదిమంది పిల్లలు గుండ్రంగా కుర్చీలేసుకుని కూర్చున్నారు. మధ్యలో కౌన్సెలర్ మేడమ్. నేను నిచ్చెన వేసుకుని ఫ్యాను విప్పుతూ చెవి మాత్రం కిందికి వేశాను. విషయం ఏమిటంటే, పిల్లలకి మనసు బాగోకపోతే పెద్దవాళ్ళకి చెప్పరట, పక్క బెంచీవాడికి చెబుతారట. అందుకని ముందు పక్క బెంచీవాడికి వినడం నేర్పాలట. వీళ్ళు నేర్చుకుని తర్వాత క్లాసు క్లాసుకీ వెళ్ళి మిగతావాళ్ళకి నేర్పాలట. ఇద్దరిద్దరు కూర్చుని నటిస్తున్నారు. ఒకరు బాధపడాలి, ఇంకొకరు వినాలి.

బాధపడే వంతు కళ్ళజోడు పెట్టుకున్న అమ్మాయిది. "నాకు చాలా బాధగా ఉంది" అంది, పద్యం అప్పజెబుతున్నట్టు.

వినే వంతు నా నిచ్చెనంత పొడుగున్న ఒక కుర్రాడిది. "ఏం కాదులే" అన్నాడు.

తర్వాత ఇద్దరూ మేడమ్ వైపు చూశారు.

"అయిపోయిందా?" అంది మేడమ్.

"అంటే... ఏం కాదు కదా మేడమ్?"

నాకు నవ్వాగలేదు. నోట్లో పెట్టుకున్న స్క్రూ కింద పడింది.

"పైనున్నాయనా, ఎందుకు నవ్వారు?"

"నేను కాదండీ, ఫ్యాను."

"ఫ్యాను నవ్విందా?"

దొరికిపోయాక ఇంకేం చేస్తాం. "బాధలో ఉన్నవాడు బాధగా ఉందని చెప్పడండీ" అన్నాను. "ముందు 'ఏం లేదు' అంటాడు. తర్వాత బూట్ల వైపు చూస్తాడు. తర్వాత సంబంధం లేనిదేదో మాట్లాడతాడు."

"దిగి చూపిస్తారా?"

దిగాను. హాస్టల్లో ఎవరూ పలకరించని అబ్బాయిని చేశాను. ఆరో తరగతి నుంచి నేను మాస్టార్లని అనుకరించి అందర్నీ నవ్వించేవాణ్ని, ఇదెంత. రూమ్మేట్లు తను లోపలికి రాగానే మాటలు ఆపేస్తారనీ, తనకి వాళ్ళ జోకులు గోడవతల నుంచే బాగా వినిపిస్తాయనీ చెప్పాను. కళ్ళజోడు అమ్మాయి కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

రెండు రూల్సున్నాయి. బాధపడేవాడు "చాలు" అనేవరకు ఆట ఆపకూడదు. అన్నాక, కుర్చీలోంచి లేచి, చేతులు దులుపుకుని, "నేను ఆ అబ్బాయిని కాదు" అని పైకి చెప్పి, తనెవరో చెప్పాలి. అరువు తెచ్చుకున్న బాధని తిరిగిచ్చేసి ఇంటికెళ్ళాలి అంది మేడమ్.

లేచాను. దులుపుకున్నాను. "నేను ఆ అబ్బాయిని కాదు. నేను ఫ్యాన్లు బాగుచేసేవాణ్ని" అన్నాను. చప్పట్లే చప్పట్లు.

ఫ్యాను మాత్రం ఇంకా కీచుమంటోంది. మర్చిపోయి వచ్చేశాను.

గురువారం, 6

క్యాంటీన్లో ముగ్గురు "హీరో" అని పిలిచారు. అక్కకి చెప్పలేదు. తనకెందుకు.

శుక్రవారం, 7

మేడమ్ మేస్త్రీ బాబాయ్‌తో మాట్లాడి వారానికి రెండు గంటలు నన్ను తీసుకుంది. "వీణ్నా? వీడు నన్నే ఏడిపిస్తాడు, ఇంకొకళ్ళ దగ్గర ఏడవడం కూడా వచ్చా?" అన్నాడట బాబాయ్.

ఇవాళ ఇద్దర్ని చేశాను. అమ్మాయి మాట్లాడడం మానేసిందని అన్నం మానేసిన వాడొకడు. ఇంటికి ఫోన్ చేసి బాగున్నానని చెప్పి, ఫోన్ పెట్టేసి మంచం ఎక్కి రోజంతా దిగనివాడొకడు. రెండో వాడికి వినడానికి మళ్ళీ ఆ పొడుగు కుర్రాడే వచ్చాడు. బోర్డు మీద మేడమ్ పెద్ద అక్షరాలతో రాసింది: సలహా ఇవ్వకూడదు, ఏం కాదులే అనకూడదు, ఎదుటివాడు ఊరుకుంటే కంగారుపడకూడదు.

నేను ఊరుకున్నాను. పొడుగు చెమటలు కక్కాడు. ఆఖరికి "పొద్దున్నే లేచి పరిగెత్తు" అన్నాడు.

"మంచం దిగనివాణ్ని పరిగెత్తమంటావేంట్రా!" అని కళ్ళజోడు నెత్తి కొట్టుకుంది.

పాపం పొడుగు. వాణ్ని చూస్తే జాలేస్తుంది. సెషను అయ్యాక నా దగ్గరికొచ్చి, "అన్నా, నోరు ఆగట్లేదన్నా. మా ఇంట్లో నాన్న దేనికైనా 'ఏం కాదులే' అనే అంటాడు. నేను ఫెయిలైతే అన్నాడు, మా తాత పోతే అన్నాడు. అలవాటైపోయింది" అన్నాడు. నేను వాడికి బోధ చేశాను. "నోరు మూసుకుని ఫ్యాను వైపు చూడు తమ్ముడూ. నేనూ అదే చేస్తాను."

ఇవన్నీ నీకెలా తెలుసని కళ్ళజోడు అడిగింది. నిచ్చెన మీద నుంచి చూస్తే అందరి నడినెత్తులూ కనిపిస్తాయి, నెత్తి చూసి మనిషి సంగతి చెప్పేస్తానన్నాను. నమ్మేసింది.

ఆదివారం, 9

చదవడానికి కూర్చున్నాను. లెక్కల పుస్తకం. మొదటి పేజీ తెరవగానే ఇస్త్రీపెట్టె వైరు వదులుగా ఉందని గుర్తొచ్చింది. బిగించాను. తర్వాత తలుపు బందు. తర్వాత పక్కింటివాళ్ళ కాలింగ్ బెల్లు. వాళ్ళు అడగలేదు, నేనే వెళ్ళాను. మధ్యాహ్నానికి ఇంట్లో చెడిపోయినవన్నీ అయిపోయాయి. టేబుల్ ఫ్యాను విప్పాను.

"ఒరేయ్, అది తిరుగుతోంది కదరా!" అంది అమ్మ.

"ఇంకా బాగా తిరుగుతుందమ్మా."

"దాన్ని వదిలెయ్యరా నాయనా. వారంలో ఒక్క ఆదివారం, దానికీ సెలవివ్వు."

అక్క బట్టలు మడతపెడుతూ అంతా చూసింది. ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేది, గొడవ పడేవాణ్ని, సాయంత్రం దాకా టైమ్ గడిచేది.

ఫ్యానులో రెండు స్క్రూలు మిగిలాయి. తిరుగుతోంది. ఎలా తిరుగుతోందో నాకూ తెలీదు.

సోమవారం, 10

ఇవాళ పరీక్షల భయం మీద సెషను. నెలాఖరుకి వాళ్ళకీ పరీక్షలే. "పరీక్ష మధ్యలో లేచి వెళ్ళిపోయిన అబ్బాయి, చేస్తారా?" అంది మేడమ్. చేస్తానన్నాను. ఇందులో ఏముంది, అన్నిటికంటే సులువు.

వినేవాడు పొడుగు.

'ఆ అబ్బాయి' హాల్లో కూర్చున్నాడు. మూడో వరస, కిటికీ పక్క. పేపరు ఇచ్చారు. మొదటి ప్రశ్న వచ్చినదే. పెన్ను మూత తీశాడు. పైన ఫ్యాను తిరుగుతోంది, టక్, టక్, టక్. అక్షరాలు కదలడం మొదలుపెట్టాయి. వేళ్ళు చల్లబడ్డాయి. ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుంది. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. ఫ్యానుకీ గుండెకీ తేడా తెలీడం లేదు. చచ్చిపోతున్నాననుకున్నాడు. నిజంగా అనుకున్నాడు. అందరూ రాసుకుంటున్నారు. తనొక్కడే చచ్చిపోతున్నాడు, అదీ అందరి ముందూ. లేచాడు. కుర్చీ కింద పడింది. అందరూ తలలెత్తారు.

ఇక్కడిదాకా చెప్పాను. ఇక్కడ చప్పట్లు కొట్టారు.

మామూలు చప్పట్లు కాదు, కొందరు లేచి నిలబడి కొట్టారు. చీటీల మీద అభిప్రాయాలు రాసిస్తారు కదా. 'పదికి పది.' 'చెమట కూడా తెప్పించుకున్నాడు, అదిరింది.' 'అన్న సినిమాల్లోకి వెళ్ళాలి.' మేడమ్‌కి అప్పుడే ఆఫీసు నుంచి ఫోనొచ్చి వరండాలోకి వెళ్ళింది, ఆఖరి భాగం చూడలేదు. చూస్తే మెచ్చుకునేది.

లేచి, దులుపుకుని, చెప్పాల్సింది చెప్పేశాను. చెప్పాననే అనుకుంటున్నా. ఆ గోలలో ఎవరికి వినబడింది.

అదంతా నేను కల్పించిందే. ఫ్యాను సంగతి ముఖ్యంగా. ఫ్యాన్ల గురించి నాకు తెలీదా.

మంగళవారం, 11

పద్నాలుగు ట్యూబులైట్లు మార్చాను. ఏమీ జరగలేదు.

బుధవారం, 12

లైబ్రరీ వరండాలో నిచ్చెన ఎక్కి ఉంటే కింద ఎవరో వచ్చి పట్టుకున్నారు. పొడుగు.

"క్లాసు లేదా?"

"ఉందన్నా."

"మరి?"

"నిచ్చెన ఊగుతోందన్నా."

ఊగడం లేదు. గోడకి ఆనించి ఉంది. అయినా పట్టుకున్నాడు. నేను పాత ట్యూబు తీశాను, స్టార్టరు మార్చాను, కొత్త ట్యూబు పెట్టాను. వీడు నోరు మెదపలేదు. ఆ పొడుగు! అయిదు నిమిషాలు! ఫ్యాను వైపు కూడా చూడలేదు, నన్నే చూశాడు.

నాకే ఒళ్ళు మండింది. "ఏంట్రా?"

"అన్నా, ఆ అబ్బాయి ఇప్పుడెలా ఉన్నాడు?"

"ఏ అబ్బాయి?"

"పరీక్షలోంచి లేచిన అబ్బాయి."

"బ్రహ్మాండంగా ఉన్నాడు. పెళ్ళైంది, కవల పిల్లలు. కల్పించిన వాడి గురించి అడుగుతావేంటి! నువ్వొక్కడివే చప్పట్లు కొట్టలేదు, చూశాన్లే. అంత బాగోలేదా?"

"నువ్వు 'చాలు' అనలేదన్నా."

పాత ట్యూబుని చొక్కాకి తుడిచాను.

"నువ్వు 'చాలు' అనకుండానే మేం ఆపేశాం. లేచాక ఆ అబ్బాయిని కాదని కూడా నువ్వు చెప్పలేదు. పెదాలు ఆడాయంతే. నాకు చేతులు లేవలేదన్నా."

నిచ్చెన దిగడానికి వీల్లేదు, కింద వీడున్నాడు. ఎక్కడానికి పైన ఇంక మెట్టు లేదు. అలాగే నిలబడ్డాను, చేతిలో పాత ట్యూబుతో.

"పోయి క్లాసుకి వెళ్ళు" అన్నాను.

"సరే అన్నా. రేపు కూడా ఇటు నుంచే వెళ్తాను."

గురువారం, 13

పొడుగు మీద పిచ్చి కోపంగా ఉంది. వాడికి నేనే నేర్పాను, నోరు మూసుకోమని.

మేడమ్ కూడా కబురు పంపింది. ప్యానెల్ గదిలో పనుందని చెప్పించాను. నన్ను ఆ గది గుమ్మం ఎక్కనివ్వరని కాలేజీలో అందరికీ తెలుసు. ఇన్నేళ్ళ అనుభవం ఉండి, ఒక్క అబద్ధం కుదురుగా ఆడలేకపోయాను.

ఆ రోజు మాస్టారు నా మీద కేకలెయ్యలేదు. మంచినీళ్ళు కావాలా బాబూ అని అడిగాడు.

శుక్రవారం, 14

పొడుగు వచ్చాడు. వస్తాడని నిచ్చెన వెయ్యలేదు, మెట్ల మీద కూర్చున్నాను. వాడూ కూర్చున్నాడు. కూర్చున్నా నాకంటే పొడుగే.

"కవల పిల్లలు లేరు" అన్నాను.

"ఊఁ."

"పెళ్ళి కూడా కాలేదు."

"ఊఁ."

"ఇరవై నాలుగున వాడికి మళ్ళీ పరీక్ష ఉంది. తలుచుకుంటే ఇప్పుడే వేళ్ళు చల్లబడుతున్నాయి. చూడు, కావాలంటే."

చూశాడు. నా చెయ్యి వాడి చేతిలో పెట్టుకుని చూశాడు, డాక్టరులా కాదు, ఏదో వస్తువు బరువు చూస్తున్నట్టు. "చల్లగానే ఉన్నాయన్నా" అన్నాడు. ఏం కాదులే అనలేదు! నోటి చివరిదాకా వచ్చింది, నేను చూశాను, మింగేశాడు.

తర్వాత అన్నాడు, "నాకు ఇంతవరకే వచ్చన్నా. మేం వినేవాళ్ళం. తర్వాతది మేడమ్‌కి వచ్చు. నీకిష్టమైతే తలుపుదాకా వస్తాను."

తలుపుదాకా వచ్చాడు. అక్కడ నిలబడి తలుపు పైన బల్బు పోయిందని నాకు చూపించాడు. నిజంగానే పోయింది. మారుద్దామని నిచ్చెన కోసం వెనక్కి తిరిగాను. భుజం పట్టుకుని, "తర్వాత అన్నా" అన్నాడు.

మేడమ్ ముందు తనే సారీ చెప్పింది. సోమవారం మీకు ఆ పాత్ర ఇచ్చేముందు మిమ్మల్ని అడగాల్సింది, మధ్యలో బయటికి వెళ్ళకూడదు, నాదే పొరపాటు అంది. పెద్దవాళ్ళు అలా చెబుతారని నాకు తెలీదు.

చాలాసేపు మాట్లాడాం. అన్నీ ఇక్కడ రాయను. ఒక్కటి రాస్తాను. నేను చావబోలేదట. ప్రమాదం ఏమీ లేకపోయినా ఒంట్లో ప్రమాద గంట మోగిందట. చాలామందికి అవుతుందట.

"అంటే ఊరికే ట్రిప్పైందన్నమాట" అన్నాను.

"అంటే?"

"ఇంట్లో లోడెక్కువైతే వైర్లు కాలిపోకుండా బ్రేకరు దానంతటదే పడిపోతుంది కదండీ. అది మంచిదే. కొన్ని మాత్రం లోడు లేకపోయినా పడిపోతుంటాయి. ఒళ్ళు దగ్గర పెట్టుకుని చూసుకోవాలి."

"అలాంటప్పుడు మీరేం చేస్తారు?"

"అన్నీ ఆపేసి ఒక్కొక్కటే వేస్తామండీ. ముందు ఒక లైటు. నిలబడితే ఇంకోటి. తర్వాత ఫ్యాను. ఒక్కసారే అన్నీ వేసేస్తే మళ్ళీ..."

మేడమ్ నవ్వింది. "నేను చెప్పబోయేది ఇదే. మీరే చెప్పేశారు."

సోమవారం, 17

ముందు ఒక లైటు.

నెలాఖరు పరీక్షలకి పెద్ద హాల్లో ఫ్యాన్లన్నీ చూడాలి, కాబట్టి తాళం నా దగ్గరే ఉంది. బల్లలు వరసలుగా వేసేశారు. పొడుగు పుస్తకం తెచ్చుకుని రెండో వరసలో కూర్చున్నాడు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. అంతే. ఇవాళ్టికి గుమ్మమే. మేడమ్ లెక్క.

రెండు నిమిషాలు నిలబడి వచ్చేశాను. పనికొచ్చేదేనా ఇది? గుమ్మంలో నిలబడ్డం మా వీధి కుక్కకి కూడా వచ్చు.

మంగళవారం, 18

కూర్చున్నాను. లేచాను. పొడుగు పేజీ తిప్పాడు. మళ్ళీ కూర్చున్నాను.

బుధవారం, 19

మూడో వరస. కిటికీ పక్క. ఫ్యాను వేయించాను. ఈ హాలు ఫ్యాన్లు టక్ టక్ అనవు, నేనే నూనె పోశాను కదా. కాబట్టి ఒకదాన్ని వదులు చేసి టక్‌మనేలా చేశాను. బాగున్న ఫ్యానుని చెడగొట్టిన మొదటి ఎలక్ట్రీషియన్ని నేనే అయ్యుంటాను.

టక్, టక్, టక్.

వచ్చింది. చేతులు, ఛాతీ, చెవులు, అన్నీ. మేడమ్ చెప్పినట్టు దాంతో కుస్తీ పట్టకుండా ఊరుకున్నాను. వదిలేస్తే అదే ఎక్కుతుంది, అదే దిగుతుందట. ఎక్కుతోంది, ఎక్కుతోంది, ఇంక లేచిపోదామనుకున్నాను, పొడుగు వాచీ వైపు చూడకుండా "ఇక్కడే ఉన్నానన్నా" అన్నాడు.

దిగింది.

నిజంగా దిగింది! ఆరేళ్ళలో ఎప్పుడూ అది దిగేదాకా నేనక్కడ లేను. ఎక్కగానే లేచిపోయేవాణ్ని, దిగుతుందని నాకెలా తెలుస్తుంది?

మొత్తం పదకొండు నిమిషాలు. బయటికొచ్చాక ఇద్దరం రెండేసి టీలు తాగాం. పొడుగు వాళ్ళ నాన్నకి ఫోన్ చేశాడట నిన్న. మాటల్లో నాన్న 'ఏం కాదులే' అంటే, "అయింది నాన్నా, వింటావా?" అన్నాడట. ఏమన్నాడురా అంటే, "ముందు లైను కట్టయిందనుకున్నానన్నా. లేదు. వింటున్నాడు" అన్నాడు.

గురువారం, 20

ఇరవై నిమిషాలు. మధ్యలో ఒకసారి లేచి, నీళ్ళు తాగి, మళ్ళీ వచ్చి కూర్చున్నాను. లేచినవాడు తిరిగి రావచ్చని నాకు ఎవరూ చెప్పలేదు ఇన్నాళ్ళూ.

మేస్త్రీ బాబాయ్ వచ్చి చూసి, "ఫ్యాన్లు చూడమంటే బల్లలు చూస్తున్నావేంట్రా? అది వదులుగా ఉంది, వినబడట్లా?" అన్నాడు.

"సోమవారం దాకా ఉండనీ బాబాయ్."

"ఏంటి, దానికి ముహూర్తమా!"

శనివారం, 22

అక్కకి చెప్పేశాను.

మేడ మీద బట్టలు ఆరేస్తోంది. బకెట్టు అందుకున్నాను. నేను అడక్కుండా సాయం చేస్తే తనకి వెంటనే అనుమానం వస్తుంది. "ఏం విరగ్గొట్టావు?" అంది.

"ఆ రోజు మాస్టారితో గొడవ అవ్వలేదే."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"గేటు పక్క గోడ దగ్గర వాంతి చేసుకుంటున్నావు. స్కేలు మర్చిపోయి వెళ్ళావని తెచ్చాను."

క్లిప్పు నా చేతిలోంచి కింద వీధిలో పడింది.

"చూసి?"

"దగ్గరికి రాబోయాను. నన్ను చూస్తే సిగ్గుపడతావని ఆగాను. ఇంటికొచ్చి నువ్వు పేపరు బల్ల మీద కొట్టానని చెప్పావు. అంత బాగా చెప్పావు, పోనీలే అనుకున్నాను. ఇవాళ అడుగుదాం, రేపు అడుగుదాం అనుకుంటూనే ఆరేళ్ళయింది."

"మరి ఆ రోజు పారిపోయేవాడివి అన్నావు?"

అక్క తడి చున్నీని దులిపింది. ఇంకోసారి దులిపింది. నీళ్ళన్నీ నా మొహం మీద పడ్డాయి. "అన్నాను. తెలిసి కూడా అన్నాను. అనేసి దారంతా ఏడ్చుకుంటూ వెళ్ళాను. తప్పేరా."

ఇరవయ్యొక్కేళ్ళలో అక్క తప్పని ఒప్పుకోవడం ఇదే మొదలు. నా మొదటి పేజీ తిప్పి, 'ఆశ లేదు' కొట్టేసి, గడి నింపాను. ఫిర్యాదు: అక్క. సరిచేసిన తేదీ: 22.

ఆ స్కేలేమైందని అడిగాను. షాపులో ఉందట. ఆరేళ్ళుగా దాంతో బిల్లులు చింపుతోందట.

ఆదివారం, 23

లెక్కలు చేశాను. పన్నెండు. తొమ్మిది కరెక్టు. టేబుల్ ఫ్యాను ఆగిపోయింది. విప్పలేదు. అమ్మ రెండుసార్లు నా నుదురు ముట్టుకుని చూసింది, జ్వరమేమోనని.

సోమవారం, 24

పొద్దున్నే లేచాను. పెన్నులు రెండు, హాల్ టికెట్టు, నీళ్ళ సీసా. స్కేలు. అక్క నిన్న షాపు నుంచి తెచ్చింది. అంచంతా అరిగిపోయి ఉంది, గీత గీస్తే వంకరే వస్తుంది. అదే పట్టుకెళ్తాను.

పొడుగు గేటు దాకా వస్తానన్నాడు. నీకు క్లాసుంది, వద్దన్నాను. సరే అన్నాడు. వస్తాడు.

వేళ్ళు చల్లగానే ఉన్నాయి. ఇప్పుడే చూసుకున్నాను. వస్తుంది, నాకు తెలుసు, మూడో ప్రశ్నకో నాలుగో ప్రశ్నకో. ఎక్కుతుంది. ఎక్కనీ. మరీ ఎక్కువైతే మాస్టారిని మంచినీళ్ళు అడుగుతాను. ఆయన అడగక్కర్లేదు ఈసారి, నేనే అడుగుతాను. లేచినా తిరిగొచ్చి కూర్చుంటాను. 'చాలు' అనే మాట నాది, నేననేదాకా ఎవరూ ఆపడానికి వీల్లేదు, ఆ ఫ్యాను కూడా.

మొన్న శుక్రవారం, 21న, సెషనుకి వెళ్ళాను. నటించడానికి కాదు. కుర్చీ పక్కన నిలబడి, ఆ రోజు చెప్పకుండా ఎగ్గొట్టిన మాట చెబుతానన్నాను. అందరూ ఊరుకున్నారు, బాగా నేర్చుకున్నారు. నేను ఆ అబ్బాయిని కాదు అని మొదలుపెట్టాను, రాలేదు. మళ్ళీ మొదలుపెట్టాను. నేను ఆ అబ్బాయినే, ఫ్యాన్లు కూడా బాగుచేస్తాను అన్నాను. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. కళ్ళజోడు మాత్రం కుర్చీ నా వైపు జరిపింది, కూర్చోమని. కూర్చున్నాను. గంటసేపు! ఆ సంగతి ఇక్కడ రాయడమే మర్చిపోయాను, అదీ

నన్ను దింపడానికి అక్క కింద నుంచి బండి హారన్ కొడుతోంది. మూడోసారి. వీధంతా లేచి ఉంటుంది. వెళ్ళాలి.